ఇల్కా పెట్టెలో గంట

పోయిన వారం మిమ్మల్ని శ్మశానంలో నిలబెట్టి వచ్చేశాను. తిట్టుకునే ఉంటారు. తిట్టుకోండి, నాకేం కోపం లేదు. ఆ రోజు నేనూ అక్కడే కొయ్యబారిపోయాను.

మరిచిపోయినవాళ్ళ కోసం రెండు ముక్కలు. మా అత్త రాహెల్ గురువారం కన్ను మూసింది. 'నన్ను ఇల్కా పక్కన పెట్టండి' అన్నదే ఆవిడ ఆఖరి మాట. ఇల్కా నా కూతురు. యుద్ధం రోజుల్లో పుట్టింది. నేను విషజ్వరంతో ఒళ్ళు తెలియకుండా పడి ఉన్నప్పుడు, అదే జ్వరం తగిలి పోయిందన్నారు. నేను లేచి కూర్చునేసరికి మట్టిదిబ్బ చూపించారు. పందొమ్మిదేళ్ళుగా ఆ దిబ్బ మీద కలుపు పెరగనివ్వలేదు నేను. శనివారం పొద్దున మా పక్కింటి దొమొకోష్ అత్తకి గొయ్యి తవ్వుతుంటే మధ్యగట్టు విరిగిపడి, ఇల్కా పెట్టె మూల బయటపడింది. పార దానికి తగిలింది. తగిలి, మోగింది.

అక్కడ ఆపాను కదా. ఇక వినండి.

"మోగిందేంటి?" అన్నాను.

దొమొకోష్ నోట్లో నువ్వుగింజ నానదు. కోపతక్ ఊళ్ళో పిల్లి పిల్లల్ని పెట్టినా ముందు ఆయనే చెబుతాడు. అలాంటి మనిషి గోతిలో నడుములోతున నిలబడి, తెరిచిన నోరు మూయలేదు.

"రాయేమో వదినా," అన్నాడు చివరికి.

"రాయి టంగుమంటుందా? నీ బుర్ర అయితే అంటుందేమో. మళ్ళీ కొట్టు."

"పసిదాని పెట్టె వదినా. పాపం."

"నా పసిదాని పెట్టే. కొట్టు."

కొట్టలేదు. పార పక్కన పారేసి, కొంచెం సారా గొంతులో పోసుకుని, చేతులతో మట్టి తీశాడు. ఓక్ చెక్క నల్లబడి మెత్తగా ఉంది, లాగితే చేతికొచ్చేసింది. లోపల గొర్రెతోలు. తోలు మీద ఎర్ర నేత గుడ్డ. ఆ గుడ్డని నేను నేశాను. కడుపుతో ఉన్నప్పుడు, ఉయ్యాలలోకని నేశాను. ఎరుపు వెలిసిపోయినా అంచు నాదే. నా అంచు నాకు తెలీదా?

దొమొకోష్ తోలు విప్పాడు. లోపల గంట ఉంది.

పెద్ద గుమ్మడికాయంత గంట. పచ్చగా చిలుము పట్టింది. కింద అంచు చుట్టూ పాత అక్షరాలు, 'దేవుడు ఒక్కడే' అని. ఒకపక్క చిన్న గాటు. ఆ గాటు ఊళ్ళో నా ఈడువాళ్ళందరికీ తెలుసు. చిన్నప్పుడు చర్చి బురుజు ఎక్కి వేలు పెట్టి చూడనివాళ్ళు లేరు. అది మా ఆత్మగంట. ఎవరైనా పోతే వాళ్ళ కోసం మోగేది.

"పిల్ల ఏది?" అన్నాను.

దొమొకోష్ మట్టిలో వేళ్ళు పెట్టి వెతికాడు. పెట్టె ఈ చివర నుంచి ఆ చివరకి తడిమాడు. తల ఎత్తి నా మొహం చూశాడు, మళ్ళీ దించేశాడు.

"ఎముక ముక్క కూడా లేదు వదినా. ఏమీ లేదు. గంట ఒక్కటే."

కాళ్ళ కింద నేల కదిలిపోవడం అంటారే, అది మాట వరసకి అనే మాట అనుకునేదాన్ని. నిజంగానే కదులుతుంది. నేను ఇల్కా గుర్తుకొయ్యని పట్టుకున్నాను. మా వాళ్ళం సమాధి మీద సిలువ నాటం, చెక్కిన కొయ్య నాటుతాం. ఆ కొయ్య మీద తులిప్ పువ్వు నేనే చెక్కించాను. దాన్ని పట్టుకున్నదాన్ని పట్టుకున్నట్టే వదిలేశాను. అది ఎవరి కొయ్య? ఎవరి కోసం నాటాను?

ఈ గంట సంగతి కాస్త చెప్పాలి. చెప్పకపోతే నా ఒళ్ళు ఎందుకలా మండిందో మీకు అందదు.

యుద్ధంలో సైన్యం ఊరూరా గంటలు దించుకుపోయింది, ఫిరంగులు పోయడానికి. మా పెద్దగంటని దించిన రోజు ఆడవాళ్ళు దానికి పూలు కట్టి, పెళ్ళికూతుర్ని సాగనంపినట్టు బండి ఎక్కించారట. ఆ తరవాత సిపాయిలు ఈ చిన్నగంట కోసం పైకెక్కితే, కొక్కెం ఖాళీగా ఉంది. బురుజు తాళంచెవి ఒక్కడి దగ్గరే ఉండేది, గంట కొట్టే సిమో మోజెష్ దగ్గర. 'నాకు తెలీదు' అన్నాడు. ఇంకేం, ఊరంతా ఒక్కటే మాట. పిండి మూట కోసం లోహాల వర్తకుడికి అమ్మేశాడని. పైగా దానికి ముందురోజు సాయంత్రమే నా ఇల్కాని పాతిపెట్టారు. ఆ సాయంత్రం గంట మోగలేదు. అంటే అప్పటికే అమ్మేశాడన్నమాట అన్నారు. నేనూ అదే అన్నాను.

నా పిల్లకి గంట కూడా మోగలేదు. తండ్రి ఆరోన్ ముందే గలీసియాలో యుద్ధం చేస్తూ పోయాడు. తల్లి తెలివి లేకుండా పడి ఉంది. కనీసం గంట మోగి ఉంటే, ఇలా ఒక ప్రాణం పోయిందని ఊరికి తెలిసేది. అదీ లేదు. జ్వరంతో పోయినవాళ్ళ పెట్టె తెరవకూడదని, చీకటి పడకముందే పాతేశారు. అందుకని మోజెష్ పేరెత్తితే నాకు కడుపులో కారం పోసినట్టుండేది.

మా సంఘంలో ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకోవడం, ఏడాదికి నాలుగుసార్లే. క్రిస్మస్, ఈస్టర్, పెంతెకొస్తు, మళ్ళీ కొత్తపంట పండగ. కక్ష కడుపులో పెట్టుకుని ఎవరూ ఆ రొట్టె ముట్టుకోకూడదు. అందుకని ముందు వారమంతా ఊళ్ళో ఒకరి గుమ్మానికి ఒకరు వెళ్ళి చెయ్యి చాపుతారు. చాపిన చెయ్యి అవతలివాళ్ళు పట్టుకోవాలి. పట్టుకోకపోతే ఇద్దరూ ఆదివారం బెంచీ మీద నుంచి లేవరు. లేవనివాళ్ళని ఊరంతా చూస్తుంది.

మోజెష్ ప్రతి పండగకీ నా గుమ్మంలోకి వచ్చేవాడు. టోపీ తీసి ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి చాపి నిలబడేవాడు. ప్రతిసారీ నేను ఒకే మాట అనేదాన్ని. "గంట తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టు. ఆ రోజు నీ చెయ్యి పట్టుకుంటాను." వినేవాడు, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయేవాడు. ఆదివారం బెంచీ మీదే కూర్చునేవాడు. నేను మాత్రం లేచేదాన్ని. తప్పు వాడిది, నేనెందుకు మానాలి అని నా ధీమా. చర్చి అయ్యగారు కూడా నన్నేమీ అనలేదు. నన్ను అనే ధైర్యం ఎవరికుంది?

ఇప్పుడు ఆ గంట నా కాళ్ళ దగ్గరే ఉంది. దొమొకోష్ ఎత్తి గట్టు మీద పెట్టాడు.

"ఆ మోత నాకు వినపడింది," అన్నారెవరో వెనక నుంచి.

మోజెష్. ఆయన ఇల్లు శ్మశానం గోడ పక్కనే. ఇంటికప్పు చెక్కలు కోసే పనిలో ఉన్నట్టున్నాడు, రంపపు పొట్టు చొక్కా నిండా ఉంది. గంటని చూశాడు. వంగి, గాటు దగ్గర వేలు పెట్టాడు. ముసలాడి మొహంలో ఏం కనిపించిందో చెప్పనా? సంతోషం. ఆ క్షణంలో వాణ్ణి ఆ గోతిలోకే తోసేద్దామనిపించింది.

"నా పిల్ల ఏది?"

"రెబెకా, కూర్చో."

"నాకు మర్యాదలొద్దు. నా పిల్లని ఏం చేశావు? ఎక్కడ పారేశావు?"

"పారెయ్యలేదు," అన్నాడు. "ఆ పెట్టె మేకులు కొట్టేటప్పుడు నీ పిల్ల బతికే ఉంది."

దొమొకోష్ "ఓరి దేవుడా" అని గోతిలోనే కూలబడ్డాడు. చెవుల్లో హోరు తప్ప ఇంకేమీ వినపడలేదు. మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ చెప్పాడు. ఇంకోసారి చెప్పమన్నాను.

"బతికే ఉంది. చలికి ముక్కు ఎర్రగా ఉంది. ఏడుస్తోంది. ఇంతకంటే ఎలా చెప్పను?"

"ఎవరు చేశారు ఈ పని?"

"నీ అత్త."

ఊరు వైపు చూశాను. మా ఇంట్లో, ముందుగదిలో, రెండు కుర్చీల మీద పెట్టిన పెట్టెలో మా అత్త నల్లబట్టల్లో పడుకుని ఉంది. పొద్దునే నేను ఆవిడ జుట్టు దువ్వి వచ్చాను.

మోజెష్ గట్టు మీద కూర్చుని, గంటని ఒడిలోకి లాక్కుని చెప్పుకొచ్చాడు. సైన్యం వస్తోందని తెలిసి చిన్నగంటని దించి, కట్టెల కింద దాచాడు. అక్కడ దాస్తే దొరుకుతుంది. ఎక్కడ దాచాలో తెలియక కొట్టుకుంటుంటే మా అత్త వచ్చింది. 'మోజెష్, నీకు గొయ్యి కావాలి. నాకు పెట్టెలోకి బరువు కావాలి. మాట్లాడకుండా ఆ గంట ఇలా ఇవ్వు' అంది.

"ఎందుకని అడగలేదా?"

"అడిగాను. నువ్వు తెల్లారేలోగా పోతావంది. డాక్టరూ అదే అన్నాడట. ఇల్లిల్లూ జ్వరం. పిల్లని ఊరు దాటించకపోతే అదీ మిగలదు, జ్వరం ఉన్న ఇంటి పిల్లని దాటనివ్వరు కాబట్టి పోయిందని చెప్పాలి, తీసుకెళ్ళే మనిషి బండి కట్టుకుని సిద్ధంగా ఉంది అంది. నాకు తప్పనిపించలేదు రెబెకా. పిల్ల బతుకుతుంది, గంట బతుకుతుంది. ఇద్దరికీ మంచిదే కదా అనుకున్నాను."

"నేను పోలేదుగా! లేచి కూర్చున్నానుగా!"

"లేచావు. మొదటి రోజే మీ అత్త దగ్గరికి పరిగెత్తాను. చెప్పేద్దాం అన్నాను. నోరు విప్పావంటే గంట ఎక్కడుందో సిపాయిలకి చెబుతానంది. అంతకుముందే నా చేత గంట మీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించింది, తన ప్రాణం ఉన్నంతకాలం పలకనని. ఒట్టు ఒట్టే కదా."

"ఒట్టా! పెద్ద సత్యవంతుడివి! నా కడుపు కోసి గంట దాచుకుని, దాని మీద ఒట్టు కూడానా?"

ఏమీ అనలేదు. అంటే ఇంకా నాలుగు తిట్టేదాన్ని. మనిషి ఎదురు చెప్పకపోతే తిట్టు కూడా నాలిక మీదే నిలిచిపోతుంది. ఇన్నేళ్ళు ఊరు దొంగ అన్నా, పని ఊడబెరికినా, పిల్లలు వెనకాల 'పిండిమూట' అని అరిచినా నోరు విప్పని మనిషి. గంట సంగతి చెప్పుకుంటే ఆ నింద నుంచి బయటపడేవాడు. కానీ గంట తీయాలంటే ఇల్కా పెట్టె తెరవాలి. 'గంట తెచ్చి పెట్టు' అని ప్రతి పండగకీ నేను అడిగింది దాన్నే. తెచ్చి ఉంటే నాకు అప్పుడే తెలిసేది. తేలేకపోయాడు, చెప్పలేకపోయాడు, రావడం మానలేకపోయాడు.

ఇంకో సంగతి అప్పుడు తట్టింది, చెంప మీద కొట్టినట్టు. మా అత్తకి ప్రతి ప్రభువు బల్ల రోజూ మోకాళ్ళ నొప్పి. మామూలు ఆదివారం అందరికంటే ముందు చర్చికి వెళ్ళే మనిషి, బల్ల ఉన్న ఆదివారం మాత్రం మంచం దిగదు. 'మా అత్త మోకాళ్ళకి పంచాంగం తెలుసు' అని నేనే నవ్వేదాన్ని. మా వాళ్ళకి దేవుడు ఒక్కడే. ఆయనకి అబద్ధం చెప్పి, సిఫారసు కోసం ఇంకొకరి దగ్గరికి వెళ్ళడానికి మాకు ఇంకొకరు లేరు. ఆ సంగతి అత్త మోకాళ్ళకి తెలుసు.

"ఎవరు తీసుకెళ్ళారు?" అన్నాను. "అత్త పోయింది. ఒట్టు తీరింది. పేరు చెప్పు."

మోజెష్ తల అడ్డంగా ఊపాడు. "గంట మీద చేతులు వేసింది ముగ్గురం. రాహెల్ పోయింది. ఇంకొకరు ఉన్నారు. ఆ మనిషి బతికుండగా, ఆ పేరు తనే చెప్పాలి, నేను కాదు."

మీద పడి కొరికేసేదాన్నే. దొమొకోష్ గోతిలోంచి నా గౌను అంచు పట్టుకున్నాడు. "వదినా, ఆగు. ముసలాడు పోతే ఇది కూడా తెలీదు."

మోజెష్ లేచి నిలబడ్డాడు. "రేపు కొత్తపంట పండగ. బల్ల రోజు. ఆ మనిషి రేపు చర్చిలో ఉంటుంది. నువ్వు చూస్తూ ఉండు రెబెకా. చేతులు కలిపినవాళ్ళు ఆ రొట్టె ముట్టుకోలేరు. నేను ముట్టలేదు. రాహెల్ ముట్టలేదు."

అంటూ టోపీ తీసి చెయ్యి చాపాడు. "గంట వచ్చింది. నీ కాళ్ళ దగ్గరే ఉంది."

నా మాటే నాకు అప్పజెప్పాడు. ఆ చేతిని చూశాను. నా పిల్లని చివరిసారి చూసిన కళ్ళు, ఈ గంటని మోసిన చెయ్యి.

"పిల్ల వచ్చాక," అన్నాను.

ఇంటికి ఎలా వచ్చానో తెలీదు. ముందుగదిలో కొవ్వొత్తులు. అత్త తలాపిన నా ఆడపడుచు లిదియా కూర్చుని ఉంది. ముందురోజే కొలోజ్వార్ పట్నం నుంచి రైలు దిగింది, కూతురు విల్మాని వెంటబెట్టుకుని. తల్లి పోయిన దుఃఖంలో మనిషి ఒక్కరోజులో పదేళ్ళు పెద్దదైపోయింది. నేను గుమ్మంలో నిలబడి, ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను.

"వదినా, ఇల్కా పెట్టెలో ఆత్మగంట దొరికింది."

లిదియా చేతిలో రుమాలు జారిపోయింది. "గంటా?" అంది. అంతే. తల్లి మొహం వైపు తిరిగి, ఆ దుప్పటి అంచు సర్దడం మొదలుపెట్టింది. సర్దిన అంచునే మళ్ళీ సర్దింది.

విల్మానే లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. పట్నంలో పెరిగిన పిల్ల, అయినా చేతులు మొరటుగా, వెచ్చగా ఉంటాయి. "అయితే ఇల్కా ఏదత్తా? పాప ఏది?"

చూశారా, ఆ ప్రశ్న అడిగింది ఆ పిల్ల ఒక్కతే.

"తెలీదమ్మా," అన్నాను. "బతికుందట."

"అయ్యో, మరి వెతకాలిగా! ఏడుస్తావేంటత్తా, ఇది మంచి మాటే కదా! అమ్మా, విన్నావా? ఇల్కా బతికుందట!"

లిదియా వినలేదు. లేక విన్నదో. నేను దుఃఖం అనుకున్నాను. కన్నతల్లి శవం పక్కన కూర్చున్న మనిషి దగ్గర ఇంకేం వెతుకుతాం?

మధ్యాహ్నం అత్తని తీసుకెళ్ళేటప్పుడు ఇంకో రభస. గంట దొరికిందని అప్పటికే ఊరంతా పాకింది, దొమొకోష్ నోటికి నేను తాళం వేసినా. పిల్ల సంగతి మాత్రం ఎవరికీ చెప్పనని నా ముందు చెంపలేసుకున్నాడు, ఆ ఒక్కటీ నిలబెట్టుకున్నాడు. పెట్టెలో శవం లేదేమని అడిగినవాళ్ళకి, పసి ఎముకలు మట్టిలో కలిసిపోతాయని చెప్పాడట. కొందరు మోజెష్ భుజం తట్టారు. కొందరు సిగ్గుతో పక్కకి తప్పుకున్నారు. అందరూ కలిసి గంటని తుడిచి, తాడు కట్టి, బురుజు కింద వేలాడదీశారు. ఇన్నేళ్ళకి దొరికిన ఆత్మగంట రాహెలమ్మకే మొదట మోగాలి, ఎంత అదృష్టం అన్నారు.

నేను వెళ్ళి గంట నాలుక గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డాను.

"ఈవిడకి మోగనివ్వను."

"రెబెకమ్మా, పోయినవాళ్ళ మీద కోపమేంటి?" అన్నారు మా అయ్యగారు. చిన్న వయసు, మెత్తటి మనిషి.

"పోయినవాళ్ళకి మోగేది ఈ గంట. అది నా చేతిలో ఉంది. నా చెయ్యి తీయించండి, చూద్దాం."

ఎవరూ తీయించలేదు. మా అత్త గంట లేకుండానే మట్టిలోకి దిగింది. ఇల్కాకి ఎలా జరిగిందని నేను ఇన్నేళ్ళు ఏడ్చానో, అలాగే. మనసు చల్లబడుతుందనుకున్నాను. ఏమాత్రం చల్లబడలేదు.

ఆదివారం వచ్చింది.

ఈ ఏడు కొత్తపంట రొట్టె వంతు మా ఇంటిదే. మంచి రొట్టె. కొత్త గోధుమపిండిలో ఉడకబెట్టిన బంగాళాదుంప కలిపి, క్యాబేజీ ఆకు మీద పెట్టి కాల్చి, మాడిన పైచెక్కు కత్తి వెనకతో కొట్టి రాల్చాను. ఇంట్లో చావు జరిగినా వంతు వంతే. శవయాత్ర మర్నాటి ఆదివారం ఇంటిల్లిపాదీ చర్చిలో కూర్చోవాలి, అదీ ఆనవాయితీయే. కాబట్టి లిదియా, విల్మా, నేను మా కెలెమెన్ వారి బెంచీలో, మా ఇంటి ఆడవాళ్ళు ఎప్పుడూ కూర్చునే చోట కూర్చున్నాం. గోడవైపు లిదియా, మధ్యలో విల్మా, దారివైపు నేను.

తెల్లటి గోడలు. పైన రంగుపలకల కప్పు. ప్రసంగపీఠం మీద 'దేవుడు ఒక్కడే'. కింద ప్రభువు బల్ల మీద కుట్టుపని దుప్పటి, నా రొట్టె, ద్రాక్షారసం. అయ్యగారు ఏం చెప్పారో ఒక్క ముక్క నా చెవికెక్కలేదు. నా కళ్ళు ఆడవాళ్ళ బెంచీల మీదే తిరుగుతున్నాయి. తీసుకెళ్ళింది మగవాడై ఉండడు. పసిపిల్లకి పాలు పట్టాలి, గుడ్డలు మార్చాలి. ఆడమనిషే.

మగవాళ్ళు ముందు లేచారు, పెద్దవాళ్ళ నుంచి చిన్నవాళ్ళ దాకా వరసగా. బల్ల చుట్టూ నిలబడి, చేతిలో రొట్టె తీసుకుని, గిన్నె అందుకుని వెనక్కి వచ్చారు. మోజెష్ లేవలేదు. మోకాళ్ళ మీద టోపీ పెట్టుకుని నేల చూస్తున్నాడు. అతను అలా కూర్చున్నది నా వల్ల. నేను చెయ్యి పట్టుకోలేదు.

అప్పుడు తెలిసింది, నేనూ లేవకూడదని. ఇన్నేళ్ళూ బింకంగా లేచినదాన్ని, నా చేత్తో కాల్చిన రొట్టె నాకు అందదు. సరే, కూర్చుంటాను. కూర్చుని చూస్తాను.

ఆడవాళ్ళు లేచారు. మొదటి బెంచీ అంతా లేచింది. రెండో బెంచీలో మిల్లు వారి ఎస్తేర్ కాస్త ఆలస్యం చేసింది. నువ్వా? నువ్వేనా? యుద్ధంలో నీ చెల్లెలు బండి కట్టుకుని ఊరొదిలి పోయింది కదూ? కాదు, పాదరక్ష పట్టీ సరిచేసుకుంటోంది. లేచింది. ఆ వెనకావిడా లేచింది. నేను మెడ తిప్పి వెనక బెంచీలు చూశాను. కాటుక కళ్ళ యూలిష్కా, ఎప్పుడూ నా మొహం చూడని అగ్నేష్, ఒక్కొక్కళ్ళనీ దొంగని చూసినట్టు చూశాను. అందరూ లేస్తున్నారు. అందరూ నిర్మలంగా లేస్తున్నారు. మోజెష్ అబద్ధం చెప్పాడా? లేక ఆ మనిషి ఈ పూట రాలేదా?

మా బెంచీ వంతు వచ్చింది. దారికి అవతలి బెంచీలోని ముగ్గురు లేచి దారిలోకి వచ్చారు. నేను కదల్లేదు. ఊరు ఊరంతా నన్ను చూస్తోందనుకున్నాను. చూడనీ.

కాదు. వాళ్ళు చూస్తున్నది నన్ను కాదు. దారిలో నిలబడ్డ ఆడవాళ్ళ చూపు నా తల మీదుగా, విల్మా తల మీదుగా, గోడవైపు వెళుతోంది. అయ్యగారి చేతిలో రొట్టె ముక్క అలాగే ఆగిపోయింది. మగవాళ్ళ వైపు నుంచి మోజెష్ మొదటిసారి తల ఎత్తాడు.

ఊరంతా వెతికాను. నా బెంచీ చూడలేదు.

గోడకి అతుక్కుని లిదియా కూర్చుని ఉంది. నల్లటి తలగుడ్డ కింద మొహం సున్నం గోడలాగే తెల్లగా ఉంది. రెండు చేతులూ బెంచీ అంచుని గట్టిగా పట్టుకున్నాయి. కొలోజ్వార్‌లో పెళ్ళై ఏళ్ళ తరబడి పిల్లల్లేక ఏడ్చిన లిదియా. యుద్ధంలో, ఎవరూ వెళ్ళి చూడలేని రోజుల్లో, ఉన్నట్టుండి పిల్ల పుట్టిందని కబురు పంపిన లిదియా. ఆ పిల్లకి పందొమ్మిదేళ్ళు.

మా ఇద్దరి మధ్య విల్మా నిలబడి ఉంది. మొరటుగా, వెచ్చగా ఉండే ఆ చేతిని గోడవైపు చాపింది.

"అమ్మా," అంది. చర్చి అంతటికీ వినపడింది. "లే అమ్మా. అందరూ చూస్తున్నారు."

లిదియా లేవలేదు.

ఆ పిలుపుకి లేచి నిలబడింది నేను.